పొత్తుబావి వంతు, వార్డు బెల్లు

వైరు పని

ముప్పై నాలుగేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. "బాలు వైరు పని చేస్తాడు" అని సరిపెట్టుకుంటారు. పెళ్ళికి వెళితే మైకు కుయ్యోమన్నప్పుడల్లా నాకోసం మనిషి వస్తాడు. తలంబ్రాలు చూద్దామని వెళ్ళి జనరేటరు పక్కన నిలబడి తిరిగొచ్చిన పెళ్ళిళ్ళు బోలెడు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి. నేను నెట్‌వర్క్ ఇంజనీరునని, ప్లాన్లు గీస్తానని చెప్పుకునేవాణ్ణి. "అదేప్పా, వైరు పనే కదా" అనేవారు. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చూసుకుంటే వాళ్ళు చెప్పిందే నిజమనిపిస్తోంది.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. బడిలో తెలుగు అక్షరం మొహం చూడలేదు. రిటైరయ్యాక పట్టుబట్టి నేర్చుకుని రాస్తున్నాను కాబట్టి తప్పులుంటే ఓర్చుకోండి. మా వాళ్ళ పిల్లలు కొందరు ఈ పనిలోకి వస్తూ "మామా, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?" అని నా దగ్గర కూర్చుంటున్నారు. అది నాకు తెలియదు. పనిలో ఎవరూ మిమ్మల్ని అడగనివి, మీరై అడగవలసినవి కొన్ని ఉన్నాయి. అవి మాత్రం తెలుసు. నాకొచ్చిన ప్రమోషన్ల సంగతీ, ఇత్తడి మెమెంటోల సంగతీ రాయను. ఆ మెమెంటోలను మా ఆవిడ అటకెక్కించింది, అక్కడ క్షేమంగానే ఉన్నాయి.

రెండు ప్లగ్గులు

నెట్‌వర్క్ స్విచ్ అంటే గోడ మీద లైటు వేసే స్విచ్ కాదు. ఇనప పెట్టె. ఒక భవనంలోని ఫోన్లూ కెమెరాలూ వైఫై డబ్బాలూ అన్నీ తలో వైరుతో వచ్చి దాని ముఖాన ఉన్న పోర్టుల్లో తగులుకుంటాయి. ఒకప్పుడు ఆ వైరులో మాటా బొమ్మా మాత్రమే వెళ్ళేవి, ప్రతి ఫోనుకూ వేరే ప్లగ్గు కావలసి వచ్చేది. తర్వాత అదే వైరులో కరెంటు కూడా పంపడం మొదలైంది. పవర్ ఓవర్ ఈథర్‌నెట్ అంటారు. చాలా సుఖమైన ఏర్పాటు. అయితే పెట్టెకు కరెంటు పోతే దాన్ని నమ్ముకున్నవన్నీ ఒక్కసారిగా కన్నుమూస్తాయి. అందుకని ముఖ్యమైన చోట పెట్టెకు రెండు పవర్ సప్లైలు పెడతాం. ఒకటి పోయినా రెండోది మోయాలి.

వినడానికి ఇది చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే విషయం. అందుకే పెద్దవాళ్ళకు అర్థం కాదు. మదురైలో ఒక కాలేజీకి రెండు సప్లైల స్విచ్ పెట్టించి, ఏడాది తర్వాత చూడబోయాను. రెండు సప్లైలూ ఉన్నాయి, రెండు కేబుళ్ళూ ఉన్నాయి. రెండూ వెళ్ళి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చి ఉన్నాయి. ఆ బోర్డులో మూడో ప్లగ్గు నీళ్ళు కాచుకునే హీటరుది. "రెండూ ఉండాయి కదా సార్" అన్నాడు అక్కడి మేనేజరు, నేనేదో ఆయన లెక్కను అనుమానించినట్టు.

ఆ రోజు బస్సులో కోయంబత్తూరు చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. నా వంతు వచ్చినప్పుడు నవ్వడానికి ఎవరూ లేకపోయారు.

అన్నదమ్ముల ఆసుపత్రి

తుడియలూరులో పంపుసెట్ల ఫ్యాక్టరీ ఉన్న అన్నదమ్ములు ఇద్దరు ఆర్.ఎస్. పురానికి దగ్గరలో ఒక ఆసుపత్రి కట్టారు. యజమానిని ముదలాళి అనే ఊరు వాడుక ప్రకారం అందరూ వాళ్ళను పెద్ద ముదలాళి, చిన్న ముదలాళి అనేవారు. మంచివాళ్ళే. కాకపోతే ఒకరికి ఏది ఇచ్చినా రెండోవారికీ సరిగ్గా అంతే ఇవ్వాలి. పెద్దాయన గదిలో ఏసీ గాలి ఎక్కువొస్తోందని చిన్నాయన గదికి ఒకటిన్నర టన్నుది మార్చారు.

నా ప్లాను వాళ్ళకు తెగ నచ్చింది. స్విచ్‌కు రెండు సప్లైలు, వాటికి వేరువేరు గదుల్లోంచి వేరువేరు యూపీఎస్‌లు. ఒక యూపీఎస్ అన్న పేరున, ఒకటి తమ్ముడి పేరున. రెండింటికీ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించినంత పనిచేశారు. ఒక్కో సప్లై ఏడువందల వాట్లు ఇస్తుంది. ఆసుపత్రి మొత్తానికి కావలసింది ఐదువందల యాభై. ఏ ఒక్కటి పోయినా రెండోది హాయిగా మోస్తుంది. ఇంత అందమైన ప్లాను నేను మళ్ళీ గీయలేదు.

ఈ పెట్టెను చూసుకునే పని పళనిసామిది. ఫ్యాక్టరీలో పాతికేళ్ళు మోటార్లు బిగించిన మెకానిక్కు. అంత నమ్మకమైన మనిషిని నేను చూడలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

ఆ అన్నదమ్ములకు ఊళ్ళో పొత్తుబావి ఒకటి ఉంది. ఇద్దరికీ చెరొక మోటారు. రెండూ ఒకేసారి తిప్పితే బావి అడుగంటుతుందని వాళ్ళ నాయన వంతు పెట్టి పోయాడు. ఒక వారం పెద్దోడి మోటారు, ఒక వారం చిన్నోడిది. సోమవారం పొద్దున మారాలి. దానివల్ల బావికీ ఊపిరి, మోటారుకూ విశ్రాంతి, అన్నదమ్ములకూ తగవు లేదు. ఆ వంతు తప్పకుండా చూసినవాడు పళనిసామే. ఆసుపత్రిలో ఒక పెట్టెకు అన్నది ఒకటి, తమ్ముడిది ఒకటి అని రెండు సప్లైలు చూడగానే అతనికి ఏమి చేయాలో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. సోమవారం పది గంటలకు కర్పూరం వెలిగించి, ఈ వారం వంతుది ఆన్ చేసి, పోయిన వారానిది ఆపేసేవాడు. గోడ మీద సుద్దముక్కతో ఒక పక్క 'పె', ఒక పక్క 'చి' అని రాసుకుని, వంతు ఎవరిదో దాని కింద గీత గీసేవాడు.

ఆ గీతలు నేను చూశాను. దేవుడి లెక్కలేవో అనుకుని ఊరుకున్నాను. ఒక్క సప్లైతోనే అంతా నడిచేది కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు. ఏడాది పొడుగునా ఆ ఆసుపత్రిలో నా అందమైన రెండో సప్లై విశ్రాంతి తీసుకుంటూనే ఉంది.

ఎవరు ముందు ఆరిపోవాలి

రెండో ఏడు కొత్త కెమెరాలు కావాలన్నారు. తలతిప్పి చూసేవి, పెద్దవి. వరండాలో ఒక పెద్ద టీవీ తెర. వైఫై డబ్బాలు ఇంకొన్ని. లెక్క వేస్తే తొమ్మిదివందల వాట్లు తేలింది. అంటే ఇక ఒక్క సప్లై చాలదు, రెండూ కలిసి మోయాలి. మూడోది పెట్టండి, లేకపోతే ఇంకో స్విచ్ పెట్టండి అని నేను గట్టిగా చెప్పి ఉండాలి. "పెడితే మంచిది" అన్నాను. ఇంజనీరు "మంచిది" అంటే "అక్కర్లేదు" అని ముదలాళీలకు వినిపిస్తుంది. రాసిపెట్టుకోండి.

ఇలాంటప్పుడు స్విచ్‌కు ఒక జాబితా చెప్పాలి. కరెంటు చాలకపోతే ఎవరిని ముందు ఆర్పాలి, ఎవరిని ఆఖరిదాకా బతికించాలి అని. ఆ జాబితా కోసం మీటింగు పెట్టారు. మొదటి వరసలో పెద్ద ముదలాళి గది ఫోను చేరింది. వెంటనే చిన్న ముదలాళి గది ఫోను. పెద్దాయన కారు మీద చూపున్న గేటు కెమెరా. చిన్నాయన కారు వేరే చెట్టు కింద ఉంటుంది కాబట్టి దానికో కెమెరా. వరండా టీవీ తెర, ఎందుకంటే అందులో ఇద్దరి ఫొటోలూ వస్తాయి.

మీటింగులో మూలన హెడ్ నర్సు రాజమ్మ కూర్చుని ఉంది. ఆమెది మదురై దిక్కు నల్లరేగడి పల్లె, మా తెలుగే కొంచెం పాతబడిన పద్ధతిలో మాట్లాడుతుంది.

"సార్, మా వార్డు బెల్లులు ఏ వరసలో ఉండాయి?" అంది.

జనరల్ వార్డులో పద్నాలుగు పడకలు. ప్రతి పడక దగ్గరా ఒక బెల్లు, నర్సుల బల్ల మీద ఏ పడక పిలుస్తోందో వెలిగి చూపే ఒక పలక, ఒక ఫోను. అన్నీ ఆ స్విచ్ కరెంటు తాగేవే. వాటి గురించి ఎవరూ అనలేదు కాబట్టి అవి ఆఖరి వరసలోనే ఉండిపోయాయి.

"అన్నీ పనిచేస్తాయమ్మా. రెండు సప్లైలుండాయి కదా" అన్నాను.

"అట్లయితే ఈ వరసలు ఏమిటికి సార్ రాసేది?"

పెద్ద ముదలాళి నవ్వాడు. నేనూ నవ్వాను. ముప్పై నాలుగేళ్ళలో నన్ను ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే. దానికి నేను నవ్వి ఊరుకుని సంతకం పెట్టాను.

గురువారం మా వాళ్ళు కెమెరాలు బిగించారు. పరీక్ష చేసేముందు ఒక సప్లై ఆపి ఉండటం చూసి, ఎవరో మరిచిపోయారనుకుని ఆన్ చేశారు. అంతా భేషుగ్గా పనిచేసింది.

కారు మీద కాకి

సోమవారం పొద్దున కొత్త కెమెరాలు చూపించడానికి పెద్ద ముదలాళి గదిలో కూర్చున్నాను. కాఫీ వచ్చింది. తెర మీద ఆయన కారు మెరిసిపోతోంది. నెంబరు ప్లేటు మీది దుమ్ము కూడా కనిపిస్తోంది.

"ఏం బాలూ, ఆ కారు మీద నల్లగా అదేమి?" అన్నాడు.

కెమెరాను దగ్గరికి తెచ్చాను. కాకి.

పది దాటింది. సరిగ్గా అప్పుడే కింద పళనిసామి వంతు మార్చడానికి పెట్టె ముందుకు వచ్చాడు. రెండు సప్లైలూ నడుస్తున్నాయి! ఒకే బావి మీద రెండు మోటార్లు! అతనికి గుండె ఆగినంత పనైందట. కర్పూరం కూడా వెలిగించకుండా పెద్దాయన సప్లై ఆపేశాడు.

పైన నాకు తెర ఒక్కసారి కూడా రెపరెపలాడలేదు. పెద్ద ముదలాళి ఫోనెత్తి గేటుకు కొట్టాడు. ఫోను మోగింది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరుగెత్తడం, కాకి ఎగిరిపోవడం ఇద్దరం తెర మీద చూశాం. "బలే చేసినావప్పా!" అని ఆయన నా భుజం తట్టాడు. నాకు తెలియకుండానే నా జాబితా అక్షరాలా పనిచేస్తోంది. నేను పొంగిపోయాను.

ఇంతలో పై అంతస్తు నుంచి టంగుటంగుమని చప్పుడు మొదలైంది. ఇనుము మీద స్టీలు కొట్టిన చప్పుడు. ఆగదే!

"ఎవురప్పా ఆ సద్దు? ఆసుపత్రా, పాత్రల అంగడా?" అని పెద్దాయన వార్డుకు ఫోను కొట్టాడు. అవతల మోగలేదు. మళ్ళీ కొట్టాడు. నా చేతిలో కాఫీ అక్కడే పెట్టి మెట్లెక్కాను. మూడో మెట్టు మీదే నాకు విషయం అర్థమైంది. వార్డు ఫోను నా జాబితాలో ఆఖరి వరసది.

వార్డులో ఒకాయన కాలికి కట్టు వేసి పైకి వేలాడదీసి ఉంది. లేవలేడు. చేతిలో స్టీలు గ్లాసు పట్టుకుని మంచం పట్టీ మీద బాదుతున్నాడు. పక్క పడక మీద పెరుమాళ్ నాయకరు. డెబ్భై దాటిన రైతు, సాత్తూరు వైపు మనిషి, ఆయాసానికి కూతురు తెచ్చి చేర్చింది. పెదవులు నీలం తిరిగాయి. రాజమ్మ అప్పటికే వచ్చి ఆక్సిజన్ పెడుతోంది. ఆయన బొటనవేలు ఇంకా బెల్లు మీదే ఉంది. నొక్కుతూనే ఉన్నాడు. నర్సుల బల్ల మీద పలక చీకటిగా ఉంది.

"గ్లాసు సద్దు విని వచ్చినా సార్" అంది రాజమ్మ, నా వైపు చూడకుండా. "బెల్లు విని కాదు."

నాయకరు బతికాడు. ఇంకో పది నిమిషాలైతే ఏమయ్యేదో డాక్టరు నాకు చెప్పాడు. అది నేను ఇక్కడ రాయలేను.

రిపోర్టు

మధ్యాహ్నానికి తప్పు ఎవరిదో తేలిపోయింది. ఇలాంటి రోజుల్లో అందరికంటే త్వరగా తేలేది అదే. పళనిసామిని గదిలో నిలబెట్టారు.

"ఒరే పళనీ, ఎవుర్ని అడిగి ఆపితివిరా?" అన్నాడు పెద్ద ముదలాళి.

"మీ నాయిన పెట్టిన వంతే కదా ముదలాళి. బావికాడ పాతికేండ్లు చూడలేదా నేను? ఒక్కతూరన్నా తప్పినానా?"

"అది బావిరా!"

"ఇదిన్నీ మీ ఇద్దరి పొత్తే కదా, ముదలాళి."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జవాబు దొరకనప్పుడు ఏం చేస్తారో అదే చేశారు. రేపటినుంచి పనికి రావద్దన్నారు. నన్ను రిపోర్టు రాసివ్వమన్నారు. మా కంపెనీ మేనేజరు ఫోను చేసి "ఎలక్ట్రీషియన్ తప్పిదం అని రాసెయ్యి బాలూ, మన డిజైన్‌లో లోపం లేదు కదా" అన్నాడు. నేను రాశాను కూడా. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా చక్కగా రాశాను. ఒక్క అబద్ధం లేదు అందులో.

దానికి రుజువు జత చేయాలి. సప్లై ఆగితే స్విచ్ దానంతటదే మెయిలు పంపుతుంది. ఆ సోమవారం మెయిలు కోసం వెతికాను. అలాంటి మెయిళ్ళు రోజూ విసిగిస్తాయని నేనే ఎప్పుడో ఒక ఫోల్డరు కట్టి, చూడకుండా అందులో పడేట్టు చేశాను. తెరిచాను. ఆ సోమవారానిది ఉంది. దాని ముందు సోమవారానిది ఉంది. అంతకు ముందుదీ ఉంది. ఏడాది పొడుగునా, ప్రతి సోమవారం పది గంటలకు, ఒక సప్లై ఆగిపోయిందయ్యా అని ఆ పెట్టె నాకు చెబుతూనే ఉంది. పళనిసామి గోడ మీద రాసినదీ నేను చదవలేదు, పెట్టె నాకు రాసినదీ చదవలేదు.

తల తీసేసినట్టయింది. లేచి వార్డుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. నాయకరు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నేను వైరు పని చేసేవాణ్ణని చెప్పాను. పొద్దున బెల్లు మోగనందుకు క్షమించమన్నాను.

"మోగలేదా?" అన్నాడు ఆయన ఆశ్చర్యంగా. "నేనట్ల అనుకోలేదు నాయినా. నిన్న రెండుతూర్లు సుమ్మా, ఊరికే నీళ్ళకని నొక్కితిని. పావం, ఆ బిడ్డలకు ఎంత పని! పొద్దున నొక్కినా, నొక్కినా, ఎవురూ రాలేదు. నా మీద కోపమొచ్చిందేమో అనుకుంటిని."

మనిషికి ఊపిరి అందకుండా పోతోంది. నర్సులకు తానేం తప్పు చేశానా అని ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచన ఆయనకు పుట్టించింది నేను. కాకిని తోలడానికి కరెంటు ఇచ్చి, ఈయనకు ఇవ్వనిది నేను.

రిపోర్టు చింపేశాను. కొత్తది రాశాను. మొదటి తప్పు, మెయిళ్ళు చూడకపోవడం, నాది. రెండో తప్పు, ఒక్క సప్లై చాలని బరువు పెట్టి సంతకం చేయడం, నాది. మూడో తప్పు, జాబితా, అదీ నాది. పళనిసామికి ఈ పెట్టె బావి కాదని చెప్పవలసినవాణ్ణి నేనే, చెప్పలేదు. ఫోల్డరులోని మెయిళ్ళన్నీ అచ్చు తీసి జత చేశాను. మేనేజరు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ మౌనం నా ఆరోగ్యానికి బాగానే పనిచేసింది.

కొత్త జాబితా

మూడో సప్లైకి ముదలాళీలు ఒప్పుకున్నారు. అది వచ్చేదాకా ఉన్న రెంటితోనే నెట్టుకురావాలి. కొత్త జాబితా పట్టుకెళ్ళి ముదలాళీల ముందు పెట్టాను. మొదటి వరసలో పద్నాలుగు బెల్లులు, నర్సుల పలక, వార్డు ఫోను. ఆఖరి వరసలో వరండా టీవీ, రెండు కార్ల మీది కెమెరాలు, రెండు గదుల ఫోన్లు.

పెద్ద ముదలాళి కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"నా ఫోను ఆఖరా?"

"మీరు ఈ గదిలోంచి పిలిస్తే గేటుదాకా వినిపిస్తుంది ముదలాళి. పెరుమాళ్ నాయకరు పిలిస్తే పక్క మంచానికి వినపడదు."

చిన్న ముదలాళి అడిగినది ఒక్కటే. "ఇద్దరిదీ ఆఖరేనా?" ఇద్దరిదీ ఆఖరే అన్నాను. తృప్తిగా సంతకం పెట్టాడు. అన్న ఇంకా కొంచెంసేపు గునిసి పెట్టాడు. పళనిసామిని పనిలోకి తీసుకుంటేనే ఈ జాబితాకు పరీక్ష చేస్తానన్నాను. ఇంత గొప్పగా మాట్లాడిన రోజు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు కాబట్టి చెప్పుకుంటున్నాను.

అందుకని మీకు చెప్పేది ఒక్కటే, పిల్లలూ. రెండు సప్లైలు పెట్టి ఇంటికి పోకండి. అందరి ముందూ ఒకటి పీకి చూపించండి. ఏది ఆరిపోతుందో ముదలాళి కళ్ళతో చూడాలి, దాన్ని నమ్ముకున్న మనిషి పక్కన మీరు నిలబడి చూడాలి. కాగితం మీద ఎవరూ చావరు కాబట్టి కాగితం మీద అన్నీ పనిచేస్తాయి.

పళనిసామిని పెట్టె దగ్గర నిలబెట్టాను. "ఏడాది చేసినదే కదా, ఇప్పుడు నేను చెప్పినప్పుడు చెయ్యి" అన్నాను. "సరింగ" అని తలూపి, అలవాటు కొద్దీ కర్పూరం వెలిగించి, ఒక సప్లై ఆపాడు. కింద పెద్ద ముదలాళి ఫోను చచ్చిపోయింది. కారు తెర నల్లబడింది. వరండాలో అన్నదమ్ముల ఫొటోలు ఒకేసారి, ఎవరికీ తక్కువ కాకుండా, మాయమయ్యాయి.

నేను పైన నాయకరు పడక దగ్గర ఉన్నాను. రాజమ్మ వార్డు ఆ చివర బల్ల దగ్గర నిలబడింది. పరీక్ష అని ఆమెకు తెలుసు.

"బెల్లు నొక్కండి తాతా" అన్నాను.

"ఇప్పుడు నాకేమీ వద్దే నాయినా. సుమ్మా ఏమిటికి నొక్కేది? ఆయమ్మ అంతదూరం నడిచి రావల్ల."

బతిమాలాను. చివరికి, ఎవరిదో నిద్ర పాడుచేస్తున్నట్టు, బొటనవేలితో మెల్లగా తాకాడు. అవతల పలక మీద ఆయన పడక నెంబరు వెలిగింది, బెల్లు ఖంగుమంది. రాజమ్మ నడవలేదు. చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఏమి కావాల తాతా?"

"ఏమీ లేదమ్మా. ఈయన నొక్కమనిరి." ఆయన ఆమె మొహంలోకి జాగ్రత్తగా చూశాడు. "కోపం లేదే?"

రాజమ్మ ఆయన బొటనవేలు పట్టుకుని బెల్లు మీద పెట్టింది.

"లేదు తాతా. ఇంకోతూరి నొక్కు" అంది.

నాయకరు మళ్ళీ నొక్కాడు. ఈసారి గట్టిగా.